ఎనిమిదో గుంత

అక్కమ్మ ఇల్లు చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. కంప నెట్టే పంగలకట్టె గోడకు ఆనించి, కాళ్ళ మీద చెంబెడు నీళ్ళు పోసుకుని, చీర కుచ్చిళ్ళలో దోపుకున్న ఇత్తడి బిళ్ళను బయటికి తీసింది. బిళ్ళంతా చెమట. కొంగుతో తుడిచి తలుపు పక్క మేకుకు తగిలించింది. దాని మీద ఏం రాసుందో ఆమెకు చదవడం రాదు. అది మొగుడి కావలి బిళ్ళ అనీ, ఆడది పైకి కనబడేట్టు కట్టుకుంటే నలుగురూ నవ్వుతారనీ మాత్రం తెలుసు.

నల్లప్ప అరుగు మీద కూర్చుని కిత్తనారకు పురి పెడుతున్నాడు. నార ఒక కొస కాలి బొటనవేలికి తగిలించి, రెండు అరచేతుల మధ్య పేనుతుంటే తాడు ఆయన తొడ మీదుగా సన్నగా పాకుతోంది. ఆ పనికి కళ్ళు అవసరం లేదు. తల ఎత్తకుండానే చెవి మాత్రం ఆమె వైపు తిప్పాడు.

"మూడో గుంత కాడ కంప ఎవురో లాక్కపోయినారు," అంది అక్కమ్మ. "మల్ల నరికి ఏసొచ్చేసరికి ఈ పొద్దాయ."

"ఎవురో ఏమి, ఎర్రప్ప పెండ్లామే."

"పోనీలే. దాని పొయ్యీ మండల్ల గదా."

నల్లప్ప తాడు పక్కన పెట్టాడు. ఇక అడగబోయేది ఏమిటో ఆమెకు తెలుసు.

"మోగిందా?"

"మోగింది."

"ఎంతకు?"

"ఎనిమిదికి."

"ఊ," అని మళ్ళీ తాడు అందుకున్నాడు.

కంపెనీవాళ్ళు బంగారు గని మూసేసి పోయి ముప్పై ఏండ్లయింది. ఇనుమంతా పీక్కుని పోయారు కానీ, తవ్విన గుంతలను ఎవరు మోసుకుపోతారు? గుట్ట చుట్టూ పదకొండు గుంతలు నోళ్ళు తెరుచుకుని అట్లాగే ఉండిపోయాయి. మేకలు, దూడలు, ఒక్కోసారి వాటి వెంట పోయే పిల్లలు అందులో పడకుండా ఒక్కో గుంత చుట్టూ ముళ్ళకంప వేసి, రోజూ చుట్టి రావడానికి సర్కారు ఒక కావలి మనిషిని పెట్టింది. మూడు కోసుల చుట్టు. ఆ కావలి మనిషి నల్లప్ప. ఐదేండ్ల కిందట ఆయన కళ్ళకు పొర కమ్మింది. పట్నం డాక్టరు చూసి అది కత్తికి లొంగే పొర కాదన్నాడు. వెలుగూ నీడా తప్ప ఇంకేమీ తెలియని నల్లప్ప అరుగు మీద కూర్చున్నాడు, అక్కమ్మ పంగలకట్టె పట్టుకుంది. ఊరందరికీ ఈ సంగతి తెలుసు, ఎవరూ ఎక్కడా అనలేదు. ఏడాదికొకసారి తనిఖీకి వచ్చే మేస్త్రీ రచ్చకట్ట దగ్గరే కూర్చుని, నల్లప్పను పిలిపించుకుని, వేలిముద్ర వేయించుకుని పోయేవాడు.

ఎనిమిదో గుంతలో నల్లప్ప నాయన ఉన్నాడు. పై కప్పు కూలి ముగ్గురు లోపలే ఉండిపోతే కంపెనీ తియ్యలేకపోయింది. అట్లా మనిషి పైకి రాని ఇళ్ళలో ఒక ఆచారం ఉండేది. గుంత దగ్గరికి పోయినప్పుడల్లా ఒక తెల్ల పలుగురాయి లోపలికి వదిలి, అది అడుగు తాకేదాకా ఎంచాలి. రాయి వదలడం పైవాళ్ళ పలకరింపు, అడుగున మోగితే లోపలివాళ్ళ బదులు. మిగతా రెండిళ్ళవాళ్ళూ కోలారు గనులకు వలసపోయారు. పలకరించడానికి నల్లప్ప ఒక్కడే మిగిలాడు. కళ్ళు పోయాక ఆ రాయి కూడా అక్కమ్మ చేతికే వచ్చింది.

ఇప్పుడు చెప్పవలసిన మాట ఏమిటంటే, ఎనిమిదో గుంత లేదు. రెండేండ్ల కిందట ఆశ్వయుజంలో, ఏడాదికంతా రావలసిన వాన ఒక్క పూటలో కురిసింది. మర్నాడు అక్కమ్మ పోయి చూస్తే గుంత నోరు కూలి పూడిపోయి, ఆ చోట పెద్ద పళ్ళెం లాంటి బురద పల్లం ఉంది. అయినా చేతిలో రాయి ఉంది కదా అని విసిరింది. అది బురదలో దప్పున కూచుంది. అక్కమ్మ కూడా ఆ పక్కనే కూచుని చాలాసేపు లేవలేదు. ఇంటికొచ్చాక "మోగిందా?" అని నల్లప్ప చెవి తిప్పితే, ఆ ముఖం చూసి ఆమె నోరు "మోగింది" అంది. ఒకసారి అన్నాక మర్నాడు అనక తప్పలేదు. అట్లా రెండేండ్లయింది.

సంగటి ముద్దలో ఊరిబిండి అద్దుకుని తింటుండగా తలారి ఓబుళేసు వచ్చాడు. ఎప్పుడూ లోపలిదాకా వచ్చే మనిషి ఈసారి గడప దగ్గరే నిలబడి తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"నల్లప్పన్నా, శుక్రారం ఆఫీసరు వస్తాండాడంట. హైదరాబాదు నించి. గనులు మల్ల తెరిచేదానికి పనికొస్తాయా అని చూస్తారంట. పదకొండు గుంతలూ నడిచి చూస్తాడంట. కావలోడు ముందర నడవల్లంట."

"కావలోడంటే ఎవురప్పా?" అంది అక్కమ్మ.

"పుస్తకంలో ఎవురి పేరుంటే వాళ్ళు, అక్కా." ఓబుళేసు నేల చూపులు చూశాడు. "నేనైతే ఎవురికీ ఏం చెప్పలేదు."

ఉద్యోగం పోతే తాముంటున్న ఈ కంపెనీ గది కూడా పోతుంది. గుడ్డి మొగుణ్ణి తీసుకుని ఎక్కడికి పోవాలో అక్కమ్మకు తోచలేదు. కానీ ఆమెకు అంతకంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. ఈయన నడిస్తే ఎనిమిదో గుంత దగ్గరికి పోతాడు. పోతే రాయి వదులుతాడు.

నల్లప్ప చెయ్యి కడుక్కుని, "నడుస్తా," అన్నాడు. "అదేమన్నా కొత్త దావనా? కండ్లు మర్చిపోతే కాళ్ళు మర్చిపోతాయా? రెండు దినాలు నువ్వు ముందర నడువే. నేను తాడు పట్టుకోని వస్తా. శుక్రారానికి అదే అబ్బుతాది."

బుధవారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. ఆయన పేనిన తాడే ఒక కొస అక్కమ్మ నడుముకు, ఒక కొస ఆయన చేతికి. వాకిలి దాటగానే ఆమె ఎడమకు తిరిగింది, ఆయన కుడికి తిరిగాడు, తాడు బిగిసింది.

"యాడికే? కుడిచేతికి గదా ఒకటో గుంత."

"నేనెప్పుడూ పదకొండు నించి మొదలుపెడతా. ఇట్ల పోతే పొద్దున్నే ఎండ ఈపుకు తగుల్తాది, కండ్లలో కొట్టదు."

నల్లప్ప నిలబడిపోయాడు. "ఐదేండ్ల నించి అప్రదక్షిణం తిరుగుతాండావా! ఇంగ ఈ సీమలో వాన ఏంటికి పడతాది?"

"నువ్వు ప్రదక్షిణం తిరిగినప్పుడు చెరువులు తెగినాయిలే!"

ఆయన పెద్దగా నవ్వాడు. అట్లా నవ్వి చాలా రోజులైంది. ఆఫీసరు ఎటు పోతాడంటే పుస్తకంలో ఉన్న వరస ప్రకారమే కదా అని చివరికి అక్కమ్మే కుడికి తిరిగింది.

ఎదురు దిక్కున నడుస్తుంటే ఆమెకే దారి కొత్తగా కనబడింది. తను గుర్తుకు పేర్చుకున్న రాళ్ళ గుట్టలు వెనకనుంచి వేరే ఎవరో పేర్చినట్టున్నాయి. నల్లప్ప ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కర్ర పట్టుకుని, మొదట తడబడి, తర్వాత కుదురుకున్నాడు. బండ వస్తే "ఇది రెండోది," అనేవాడు. గరుసు కాళ్ళ కింద కరకరమంటే "ఇంగ దిగుడు," అనేవాడు. మూడో గుంత తర్వాత మాత్రం అక్కమ్మ దారి వదిలి పక్కకు లాగింది.

"ఇది గాదు నా దావ."

"నీ దావ ఈడ లేదు. ఆ నేల డొల్ల. చూడు." ఆమె పంగలకట్టెతో నేల మీద కొట్టింది. బానను బయటినుంచి తట్టినట్టు మోగింది. రెండడుగులు ఇవతల కొట్టింది. గట్టినేల, మొద్దుగా వినబడింది. "లోపల కూలుతాండాది. మూడేండ్లాయ నేను ఈ పక్కకు మార్చి."

నల్లప్ప తన కర్రతో అక్కడా ఇక్కడా కొట్టి చూసుకున్నాడు. తర్వాత కంప దగ్గరికి పోయి, జాగ్రత్తగా చెయ్యి చాపి కొమ్మల మొదళ్ళు తడిమాడు.

"నేనిట్ల ఏసేవాణ్ణి గాదే. మొదలు బయటికి పెట్టేవాణ్ణి."

"అట్ల పెడితే మొదలు పట్టుకోని ఈడ్చకపోతారు. లోపలికి పెట్టినానంటే లాగినోళ్ళ చేతికి ముండ్లే."

"అయినా ఎర్రప్ప పెండ్లాం లాక్కపాయ గదా."

"పోయి దాని చేతులు చూడు."

ఈసారి ఆయన నవ్వలేదు. "ఇదంతా ఎప్పుడు చేసినావే?" అన్నాడు.

"రోజుకింత."

నల్లప్ప కంప చుట్టూ ఒక్కో మొదలూ తడుముకుంటూ పూర్తిగా ఒక చుట్టు తిరిగాడు. అక్కమ్మకు సిగ్గేసింది. ఐదేండ్లుగా చేసిన పనిని ఒక మనిషి నిలబడి చూడడం ఇదే మొదలు, అదీ కళ్ళు లేని మనిషి. ఐదో గుంత దగ్గరికి రాగానే "ఎండ ఎక్కువాయ, ఈ పొద్దుకు చాలు," అని వెనక్కి మళ్ళించింది. ఆయన సరేనన్నాడు.

బేస్తవారం ఆ సాకు చెల్లదు. ఆషాఢం గాలి మొదలైంది. మబ్బులు ఒక్క చుక్క రాల్చకుండా తూర్పుకు పరుగులు తీస్తున్నాయి. చల్లగా ఉంది, నల్లప్ప హుషారుగా ఉన్నాడు. ఐదు దాటారు, ఆరు దాటారు. ఏడో గుంత దగ్గర కంప సర్దుతున్నంతసేపూ అక్కమ్మ ముందరి చోటు వైపే చూస్తూ ఉంది. అక్కణ్ణుంచి ఎనిమిదో గుంత రెండు వందల అడుగుల దూరం కూడా లేదు. పూడిన పల్లంలో తంగేడు మొలకలు కూడా కనబడుతున్నాయి.

"అబ్బా!" అని కూచుండిపోయింది.

"ఏమే?"

"ముల్లు. లోతుకు దిగింది. నేను నడవలేను."

నల్లప్ప తాడు వెంబడి వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూచున్నాడు. "ఏ కాలు?"

"కుడిది. నేను తీసుకుంటాలే."

"కండ్లుండేవాళ్ళకంటే నాకే బాగ దొరుకుతాది, ఇట్లియ్యి." ఆమె పాదం ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఐదేండ్లు గరుసు మీద నడిచిన పాదం, మడమ బీటలు వారి ఉంది. ఆయన వేళ్ళు మడమనుంచి మొదలుపెట్టి, బీటలు ఒక్కొక్కటే తడుముతూ, అరికాలి గుంటలోకీ, వేళ్ళ సందుల్లోకీ వచ్చాయి. లేని ముల్లు ఎట్లా దొరుకుతుంది? ఇప్పుడు అడుగుతాడు, ఏం చెప్పాలి?

నల్లప్ప వేళ్ళు ఒకచోట ఆగాయి. గోటితో మెల్లగా నొక్కి, పైకి లాగినట్టు లాగి, గాలిలోకి విదిల్చాడు.

"చిక్కింది. చిన్నదే," అన్నాడు. "చాలా దినాల నించి ఉన్నట్టుంది పాపం. పదా, ఇంటికి పోదాం."

అక్కమ్మ తన పాదం వంక చూసుకుంది, ఆయన ముఖం వంక చూసింది. ఆ ముఖంలో ఏమీ తెలియలేదు. చూపు లేనివాడు కదా, ఏ చర్మపు పెచ్చునో ముల్లు అనుకున్నాడని సర్దిచెప్పుకుంది. ఇల్లు చేరేదాకా ఆ వేళ్ళ తాకిడి ఆమె అరికాలిని వదలలేదు.

ఆ సాయంత్రం నిజం చెప్పేద్దామని రెండుసార్లు ఆయన పక్కన కూచుంది. రెండుసార్లూ సంగటి కెలకాలని లేచిపోయింది.

శుక్రవారం జీపు పొద్దున్నే వచ్చింది. ఆఫీసరు నలభై ఏళ్ళ కోస్తా మనిషి, ఖాకీ ప్యాంటు, తలమీద టోపీ, చేతిలో అట్టల పుస్తకం. వెంట చేతికర్ర పట్టుకుని ఒక డఫేదారు. నల్లప్ప ఉతికిన పంచె కట్టి, బిళ్ళ పట్టీ భుజానికి వేసుకుని నిటారుగా నిలబడ్డాడు.

"నల్లప్ప అంటే మీరేనాండీ?" అన్నాడు ఆఫీసరు.

"నేనే సార్."

"పదండి మరి."

అక్కమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని బయల్దేరబోతే డఫేదారు "నువ్వెక్కడికమ్మా?" అన్నాడు. "ఎండకు సారుకు దప్పికైతేనో?" అంది. ఆఫీసరు రానివ్వమని చెయ్యి ఊపాడు. ఆమె వాళ్ళకు పదడుగులు వెనక నడిచింది.

నల్లప్ప నడిచాడు. తాడు లేదు, కర్ర మాత్రమే. బండ, గరుసు, దిగుడు, మలుపు అన్నీ కాళ్ళతోనే చదువుకుంటూ తొందర లేకుండా నడిచాడు. మూడో గుంత దాటాక అక్కమ్మ మార్చిన చోట సరిగ్గా పక్కకు తిరిగితే, వెనక ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆఫీసరు ఒక్కో గుంత దగ్గర ఆగి, నంబరు రాయి చూసి, కంప చుట్టూ తిరిగి, పుస్తకంలో రాసుకున్నాడు. "కంప గట్టిగా వేశారే," అన్నాడు ఒకచోట. నల్లప్ప తల వంచుకున్నాడు.

ఏడు అయింది. అక్కమ్మ అరచేతిలో తెల్లరాయి చెమటకు తడిసిపోయింది. తీసుకురాకుండా ఉండలేక తెచ్చింది, ఇవ్వడానికి ధైర్యం లేదు. ఎనిమిదో నంబరు రాయిని నల్లప్ప కర్ర తాకింది. ఆయన ఆగాడు.

ఆఫీసరు పుస్తకంలో వేలు పెట్టి చూశాడు. "ఎనిమిది. రెండు వందల పది అడుగులు. అన్నింటికంటే లోతు ఇదే." తల ఎత్తి చుట్టూ చూశాడు. "ఏదీ గుంత?"

అక్కమ్మ చెంబుతో రెండడుగులు ముందుకు వచ్చింది.

"ఇది మూసుకపోయింది సార్," అన్నాడు నల్లప్ప. "రెండేండ్ల కిందట. ఆశ్వయుజం వానకు."

అక్కమ్మ చేతిలోంచి చెంబు జారి నీళ్ళన్నీ గరుసులో ఇంకిపోయాయి. డఫేదారు విసుక్కున్నాడు. ఆఫీసరు "చూద్దాం," అంటూ పల్లం వైపు రెండడుగులు వేశాడు.

"ఆగు!" అని కేక వేసింది అక్కమ్మ. పరుగున పోయి అంత పెద్ద ఆఫీసరు చెయ్యి పట్టి వెనక్కి లాగేసింది. "ఆడ కాలు పెట్టొద్దు సారూ! పైన పెంకే ఉండేది!"

డఫేదారు చేతిలో కర్ర లాక్కుని, వంగి, ఆఫీసరు నిలబడిన చోట కొట్టింది. మొద్దుగా వినబడింది. మూరెడు ముందుకు కొట్టింది. లోపల ఎక్కడో బోలుగా మోగింది. ఆ దెబ్బకు అంచున ఉన్న మట్టిగడ్డ ఒకటి విరిగి, సన్నటి సందులోకి జారి కనబడకుండా పోయింది. ఆఫీసరు తన బూటు వంకా ఆ సందు వంకా చూసుకుని, నెమ్మదిగా వెనక్కి వచ్చాడు.

"మీకెలా తెలుసమ్మా?"

"ఆమెకే తెలుసు సార్," అన్నాడు నల్లప్ప. "నాకు చూపు లేదు. ఐదేండ్లాయ. అప్పటినించి చుట్టు తిరిగేది ఆమే. కంప ఏసేది ఆమే. మీరు మెచ్చుకునింది ఆమె చేతినే. నాది వేలిముద్రే."

"లేదు సారూ, ఆయన ఊరికే అంటాండాడు," అని అక్కమ్మ ఏడుపు గొంతుతో అడ్డుపడింది. "తప్పు నాది. గుంత పూడిందని ఆయనకు నేను చెప్పలేదు. రోజూ మోగింది, మోగింది అని చెప్తి. అందుకే పుస్తకంలో పదకొండు అని పడింది. ఆయనకు ఏం తెలీదు."

ఆఫీసరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏం మోగడమో అర్థం కాక అడిగితే, నల్లప్ప రాయి సంగతీ నాయన సంగతీ నాలుగు మాటల్లో చెప్పాడు.

"మరి ఆమె రోజూ మోగిందని చెబితే, మూసుకుపోయిందని మీకెలా తెలిసింది?"

నల్లప్ప చెప్పేది ఆఫీసరుకైనా ముఖం మాత్రం అక్కమ్మ ఏడుపు వినబడే వైపు తిప్పాడు.

"రాయి ఒక్కోసారి గోడకు తగిలి పడతాది సార్, ఒక్కోసారి నేరుగా పడతాది. గాలి ఉంటే మోత ఆలస్యంగా వినపడతాది. మొదట్లో ఆమె వచ్చి ఒకరోజు ఏడు అనేది, ఒకరోజు తొమ్మిది అనేది, ఇంగోరోజు 'గాలికి తెలీలేదు, రెండో రాయి ఏస్తి' అనేది. ఆ వాన పడిన మర్నాటి నించి ఎనిమిదే. ఎండ కాసినా ఎనిమిదే, గాలి కొట్టినా ఎనిమిదే. నిజంగా ఎంచేవాళ్ళకు రోజూ ఒకే లెక్క ఎట్ల వస్తాది సార్? పది దినాలకే నాకు తెలిసిపాయ."

అక్కమ్మ నేల మీద కూలబడింది. రెండేండ్లు. ఏడువందల సార్లు పైగా ఆయన అడిగాడు, ఏడువందల సార్లు పైగా తను చెప్పింది, అన్నిసార్లూ ఆయన ఊ అన్నాడు. నిన్నటి ముల్లు గుర్తొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆఫీసరు టోపీ మళ్ళీ తలమీద పెట్టుకున్నాడు. "కొలతల పనిలో మేమూ అంతే," అన్నాడు. "పదిసార్లు కొలిచి పదిసార్లూ ఒకే అంకె తెచ్చినవాణ్ణి నేను నమ్మను."

పుస్తకం తెరిచి రాశాడు. రాసింది ఇద్దరికీ చదివి వినిపించాడు. గుంతలు పది తెరిచి ఉన్నాయి, ఒకటి మూసుకుపోయింది, దాని అంచు ప్రమాదం, కంప కట్టుదిట్టంగా ఉంది, ఐదేళ్ళుగా కాపలా తిరుగుతున్నది నల్లప్ప భార్య అక్కమ్మ.

"పేరు మార్చే అధికారం నాకు లేదు," అన్నాడు. "ఆడవాళ్ళను ఈ పనిలో పెట్టుకోవచ్చో లేదో కూడా తెలీదు. ఉన్నది ఉన్నట్టు రాశాను, గట్టిగానే రాశాను. పైనుంచి కాగితం వచ్చేదాకా మీ గది జోలికి ఎవరూ రారు. ఆ కాగితం నా బల్ల మీదుగానే రావాలి." పుస్తకం మూసి అక్కమ్మ వైపు తిరిగాడు. "ఇంకా మూడు ఉన్నాయి కదమ్మా. ఎటు నడవమంటారు?"

అక్కమ్మ లేచి ముఖం తుడుచుకుంది. నల్లప్ప భుజం మీది పట్టీ విప్పి, బిళ్ళతో సహా ఆమె వైపు చాపాడు. ఆమె తటపటాయించింది. "ఏసుకోవే," అన్నాడు. ఆమె చీర మీదుగానే పట్టీ భుజానికి వేసుకుని ముందు నడిచింది. వెనక ఆఫీసరు, ఆయన వెనక డఫేదారు చెయ్యి పట్టుకుని నల్లప్ప.

శనివారం పొద్దున నల్లప్ప తనూ వస్తానన్నాడు. వాకిలి దాటాక చెప్పకుండానే ఎడమకు తిరిగాడు.

"వాన రాకుంటే నన్ననొద్దు మల్ల," అంది అక్కమ్మ.

బిళ్ళ ఆమె భుజం మీద ఎండకు మెరుస్తోంది. దారిలో ఎదురైన హనుమంతమ్మ గడ్డిమోపు దించకుండానే నిలబడి చూసి, "బాగుండాది వదినా," అని పోయింది. నవ్వలేదు.

పదకొండు, పది, తొమ్మిది అయ్యాయి. ఎనిమిదో నంబరు రాయి దగ్గర ఇద్దరూ కూచున్నారు. గాలి తంగేడు మొలకలను అటూ ఇటూ ఊపుతోంది.

"తెలిసి కూడా ఏంటికి అడిగినావయ్యా, రెండేండ్లు?" అంది.

"అడగకుంటే నాకు తెలిసిందని నీకు తెలిసిపోదా? నాకోసరం మోసుకోని తిరుగుతాండావు. దించమని ఎట్ల చెప్పేది?" నల్లప్ప కర్రతో మట్టిలో గీతలు గీశాడు. "అంతేగాదులే. తోడు లేకుండా కూచునుంటాను గదా, ఒక్కణ్ణి, నువ్వొచ్చేదాకా. నువ్వొచ్చి 'మోగింది' అంటే బాగుండేది. నాయన పలకలేదని తెలుసు. నువ్వు పలుకుతాండావు గదా. నాకది చాలింది."

అక్కమ్మ ఆయన చెయ్యి తీసుకుని తన రెండు చేతుల్లో పెట్టుకుని కూచుంది.

కొంతసేపటికి ఆయన అరచెయ్యి చాపాడు. "రాయి ఉండాదా?"

ఉంది. నిన్నటిదే. ఆయన దాన్ని పంచెకు తుడిచి, "ఇంత కాలం విసరాల్సొచ్చింది," అన్నాడు. "ఇప్పుడు చేత్తో పెట్టొచ్చు గదే."

అక్కమ్మ తాడు ఒక కొస ఆయన నడుముకు కట్టింది. ఇంకో కొస నంబరు రాయికి రెండు మెలికలు వేసి, చేతికి చుట్టుకుని, కాళ్ళు గట్టినేలకు తన్నిపెట్టి కూచుంది. నల్లప్ప బోర్లా పడుకుని, కర్రతో ముందు తట్టుకుంటూ, ఆమె "చాలు" అనేదాకా పాకాడు. చెయ్యి చాపి తెల్లరాయిని పల్లం అంచున మెల్లగా పెట్టాడు. పెట్టి, చెవి నేలకు ఆనించి అట్లాగే ఉండిపోయాడు.

అక్కమ్మ తాడు వదలకుండా అడిగింది.

"మోగిందా?"

"మోగింది."

"ఎంతకు?"

నల్లప్ప నేలమీదినుంచి తల ఎత్తకుండానే నవ్వాడు.

"ఒకటి అనకముందే," అన్నాడు.

అక్కమ్మ ఆయన్ను మెల్లగా వెనక్కి లాగి, ఒంటి మీది మట్టి దులిపి, తాడు చుట్ట చుట్టింది. ఇంకా ఏడు గుంతలున్నాయి. ఇద్దరూ లేచి నడిచారు.